వరదలో తిన్న అన్నం ఋణం ఎలా తీర్చుకోవాలి?

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర ఒక లంక గ్రామం. 1986 ఆగస్టు గోదావరి వరదకి నేను మూడో తరగతి చదువుతున్నాను. ఇల్లు మునిగిపోతే పడవ మీద గట్టుకి చేరాం. గట్టు దిగువ ఊళ్లో ఒకావిడ, మా కులం కాదు, చుట్టరికమూ లేదు, మా ఇంటిల్లిపాదినీ వాళ్ల వసారాలో ఉంచుకుని వరద తీసేదాకా అన్నం పెట్టారు. ఆవిడ ఇప్పుడు లేరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. మొన్న వాళ్లబ్బాయికి కొంత డబ్బు ఇవ్వబోతే చేతులు జోడించి వద్దన్నారు. ఊరి మొదట్లో నాన్నగారి పేర ఆర్చి కట్టిద్దామని మా అన్నయ్య అంటున్నాడు. నా మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చేస్తే బాగుంటుంది?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, వాళ్లబ్బాయి డబ్బు వద్దన్నారని చిన్నబుచ్చుకోకండి. తల్లి పెట్టిన అన్నానికి రేటు కట్టుకోవడం ఏ కొడుక్కీ ఇష్టం ఉండదు. ఆ ఇంటికి రాకపోకలు మాత్రం మానకండి. సంక్రాంతికి వచ్చినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లి ఆ వసారా చూపించండి, ఒక పూట అక్కడే భోంచేయండి. వాళ్లింట్లో పెళ్లయితే ముందురోజే వెళ్లండి. డబ్బు రూపంలో చెల్లించాల్సింది ఏమన్నా ఉంటే, అది రేపటి వరదలో పడవ దిగేవాళ్లకి.

నేను ఏటిగట్టు పక్కనే ఉన్న హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. 2022 జులై వరదకి ఇంకా సర్వీసులోనే ఉన్నాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 17 లక్షల క్యూసెక్కులకి చేరితేనే మూడో ప్రమాద హెచ్చరిక, అంటే ఆఖరిది, ఇస్తారు. ఆ ఏడు 25 లక్షలు దాటింది. మీరు చిన్నప్పుడు చూసింది 35 లక్షలు. మా బడిలోనే పునరావాస కేంద్రం పెట్టారు.

మొదటి రెండు రోజులూ పులిహోర పొట్లాలు వ్యాన్ల మీద వ్యాన్లు వచ్చాయి. మధ్యాహ్నం మిగిలినవి సాయంత్రానికి వాసనేశాయి. పాత చీరల మూటలు విప్పే దిక్కు లేక వరండాలోనే ముక్కిపోయాయి. నాలుగో రోజుకి వ్యాన్లు ఆగిపోయాయి, ఇళ్లలో నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. అసలు ఇబ్బంది అప్పుడు మొదలైంది. ఒక పెద్దాయన షుగర్ మాత్రలు ఇంట్లోనే వదిలేసి వచ్చారు. పేరేంటని అడిగితే 'తెల్ల మాత్ర బాబూ' అంటారు. ఆడపిల్లలు నేప్‌కిన్ల కోసం మా టీచరమ్మ చెవిలో చెప్పుకోవాల్సి వచ్చింది. ఇచ్చేవాళ్లకి మంచి మనసే ఉంది, కాదనను. కానీ 'మీకేం కావాలి?' అని అడిగినవాళ్లు ఎంతమందని? ఆ అడిగే మనిషి మీరు కావాలని నా కోరిక.

అన్నిటికన్నా నన్ను కలచివేసింది గడ్డి. మైకులో ఎంత మొత్తుకున్నా లంకల్లో కొందరు పడవ ఎక్కరు. అది మొండితనం అని పట్నంలో అనుకుంటారు. ఆ పాడిగేదే వాళ్ల బతుకు, దాన్ని నీళ్లలో వదిలి ఎలా వస్తారు? తోలుకొస్తే గట్టు మీద మేత ఏదీ? ఒకావిడ గేదె తలుగుతాడు చేత్తో పట్టుకుని వానలో నిలబడి, తనకిచ్చిన పొట్లంలో అన్నం సగం గేదెకి పెట్టడం నేను చూశాను. తను తినేటప్పుడు నావైపు చూడలేదు. గట్టు మీద మేత సిద్ధంగా ఉందని ముందే తెలిస్తే చాలామంది రెండో హెచ్చరికకే ఇల్లు కదులుతారు. మనుషుల ప్రాణాలు కాపాడటానికి గడ్డి కొనాలంటే వింతగా ఉంటుంది గానీ, మాకు అది అనుభవం.

వరద వచ్చాక గడ్డి దొరకదు. దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడే, అంటే ఏప్రిల్‌లోనే బేరం చేసుకోవాలి. కోత మిషన్లు వచ్చాక మంచి గడ్డి చిక్కడం కష్టమైంది, కాబట్టి మనుషుల చేత కోయించే రైతు ఎవరో ముందే కనుక్కోండి. మెరక చూసి గడ్డిమేటు వేయించి, పైన బరకం కప్పించి, ఆ ఊరి పాల కేంద్రం వాళ్లకి అప్పగించండి. ఏ ఇంట్లో ఎన్ని గేదెలున్నాయో వాళ్లకి తెలుసు. ఆ ఏడు వరద రాలేదనుకోండి, పేదవాళ్ల పశువులకి పంచేయొచ్చు. దానితోపాటు జూన్‌లోనే ఆశా వర్కరుతో మాట్లాడి, బీపీ, షుగర్ మందులు వాడేవాళ్ల మాత్రల పేర్లు, నెలలు నిండే గర్భిణుల పేర్లు ఒక పుస్తకంలో రాయించి పెట్టండి. దానికి పెద్ద ఖర్చేం కాదు.

ఆకలని వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి లంకల గన్నవరం మీ ఊరికి దగ్గర్లోనే. ఆవిడ 1909లో పోయారు. గన్నవరం అక్విడక్టుకి (ఏటి మీదుగా కాలువని దాటించే వంతెన) ఆవిడ పేరే పెట్టారు, అది దాటే ప్రతిసారీ ఆ పేరు చదువుతూనే ఉంటాం. అంతర్వేదికి పల్లకిలో బయల్దేరిన ఆవిడ, దారిలో ఆకలితో తన ఇంటికే వెళుతున్నవాళ్ల మాటలు చెవినపడి వెనక్కి తిరిగారని మా పెద్దలు చెప్పుకునేవారు. స్వామి దర్శనం మరోసారి చేసుకోవచ్చు, ఆ ఆకలి ఆగదు కదా. ఆవిడ పెట్టిన అన్నం రాశుల కన్నా, వేళకి ఇంటి దగ్గర ఉండాలన్న ఆ తపన నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

అన్నయ్యతో గొడవ పడకండి. నాన్నగారి మీద ప్రేమతోనే ఆయన ఆ మాట అన్నారు. 'ఆ రోజు మనల్ని పడవెక్కించేటప్పుడు నాన్న మన గేదెల్ని ఏం చేశాడు?' అని అడిగి చూడండి. మీరు మూడో తరగతి పిల్ల, అన్నయ్యకి గుర్తుండే ఉంటుంది. ఆర్చికి అనుకున్న డబ్బుతో చాలా ఏళ్లు నాన్నగారి పేరనే గడ్డి వేయించొచ్చు. ఇద్దరూ కలిసి సంక్రాంతికి వచ్చినప్పుడే పాల కేంద్రం వాళ్లతో ఒక మాట అనుకోండి. మే నెల దాకా ఆగితే మంచి గడ్డంతా అమ్ముడుపోతుంది.