థర్మోకపుల్‌ తీగను రాగి తీగతో పొడిగించవచ్చా?

ప్రశ్న: మాది సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల విమానం. డిజిటల్ గేజిలో మూడో సిలిండర్ హెడ్ టెంపరేచర్ మిగతావాటికంటే 30, 35 డిగ్రీల సెల్సియస్ తక్కువ చూపిస్తోంది. ఇంజిన్ స్టార్ట్ చేయకముందు మాత్రం నాలుగూ సమానమే. కొత్త ప్రోబ్ (హెడ్ వేడి కొలిచే థర్మోకపుల్) వేసినా అదే వరస. ఆ ఒక్కదానికే తీగ చాలక ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య అడ్డుగోడ) దగ్గర్నుంచి గేజి దాకా మామూలు రాగి తీగ వేశాను. అందువల్లేనా?

జవాబు: అందువల్లే. ప్రోబ్ డబ్బులు దండగయ్యాయి. చల్లగా ఉన్నప్పుడు సమానంగా ఉండి వేడెక్కాక తేడా వస్తోందంటే ముందు అనుమానించాల్సింది థర్మోకపుల్ తీగకు రాగి కలిపిన అతుకునే.

థర్మోకపుల్ అంటే ఒక కొసన కలిపిన రెండు వేర్వేరు లోహాల తీగలు, ఆ లోహాలను బట్టే కే, జె లాంటి రకాలు. అది రెండు కొసల మధ్య వేడి తేడాకు తగ్గ వోల్టేజి మాత్రమే ఇస్తుంది, అదీ కే రకానికైతే డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులే. గేజి తన వెనక టెర్మినళ్ల దగ్గర ఎంత వేడి ఉందో చూసుకుని, అది కలిపి అంకె వేస్తుంది. మీ అతుకు దగ్గర 60 డిగ్రీలు, గేజి వెనక 25 ఉన్నాయనుకోండి, మధ్యలో రెండు వైపులా రాగే కాబట్టి ఆ 35 డిగ్రీల వోల్టేజి పుట్టదు, గేజికి ఆ సంగతి తెలియదు. హెడ్ 265లో ఉంటే మీకు 230 కనబడుతుంది. చాలా లైకమింగ్ కంపెనీ విమాన ఇంజిన్లకు హెడ్ గరిష్ఠ పరిమితి 260, అంటే 500 ఫారెన్‌హీట్, కాబట్టి ఇలా తక్కువ చూపించే తప్పుతో ఎగరొద్దు. ఎగ్జాస్ట్ టెంపరేచర్‌లో అయితే ఇంత టెన్షన్ అక్కర్లేదు, లీన్ చేసేటప్పుడు (ఇంధనం పాలు తగ్గించేటప్పుడు) చూసేది పీక్ ఎక్కడ వస్తుందనే కదా.

రాగి తీసేసి, ప్రోబ్ ఏ రకమో అదే రకం ఎక్స్‌టెన్షన్ తీగ వేయండి. చాలామంది బోల్తా పడేది రంగుల దగ్గర: అమెరికన్ పద్ధతిలో కే రకానికి పసుపు ప్లస్, ఎరుపు మైనస్. ఎరుపంటే ప్లస్ అనుకుని ఎక్స్‌టెన్షన్‌ను రెండు చివరలా తారుమారు చేస్తే ఆ 35 కాస్తా 70 అవుతుంది. రంగు వెలిసిపోతే చిన్న అయస్కాంతం పెట్టి చూడండి, కే రకంలో అంటుకునేది ఆల్యుమెల్ అనే నికెల్ మిశ్రలోహం, అది మైనస్. జె రకంలో మాత్రం అంటుకునేది ఇనుము, అది ప్లస్, అందుకే రకం తెలియకుండా ఈ పరీక్ష చేయొద్దు. కలిపేచోట మామూలు క్రింప్ లగ్గులు పర్వాలేదు, ప్లస్, మైనస్ అతుకులు రెండూ పక్కపక్కనే ఒకే వేడిలో ఉంటే చాలు. మామూలు సోల్డర్ మాత్రం ఈ తీగలకు సరిగ్గా పట్టదు.

ప్రశ్న: ప్యానెల్ వెనక చుట్టి పెట్టిన మిగులు తీగ కత్తిరించేయొచ్చా?

జవాబు: డిజిటల్ గేజి అయితే కత్తిరించండి, పొడవుతో దానికి పని లేదు. బ్యాటరీ కరెంటు లేకుండా థర్మోకపుల్ వోల్టేజితోనే ముల్లు కదిలే పాత గేజి అయితే కత్తెర పక్కన పెట్టండి. తీగ నిరోధం కూడా దాని లెక్కలో భాగమే, కొన్నింటికి 2 ఓమ్‌లు, కొన్నింటికి 8. పొట్టి చేస్తే ముల్లు ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి ఆ చుట్ట అలాగే కట్టేసి ఉంచండి.