సొంత పార్టీని ఎదిరించే నాయకుణ్ని నమ్మొచ్చా? మా నాయన అనుభవంతో నా జవాబు

మీరు అడిగింది: చిత్తూరులో మీ ఏరియా నాయకుడు ఒకాయన ఏడాదిగా సొంత పార్టీ పెద్దలనే బహిరంగంగా తప్పుపడుతున్నాడు, ఇలాంటివాళ్లను నమ్మి ఓటేయొచ్చా, లేక టికెట్ కోసం ఆడే నాటకమా అని. ఇది మా ఇంట్లో జరిగిన విషయం కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

దామలచెరువు మండీకి మామిడి కాయ తోలే పల్లెల్లో మాది ఒకటి. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా నాయన ఒక పెద్ద పార్టీ గుర్తు మీద ఎంపీటీసీగా, అంటే మండల పరిషత్ సభ్యుడిగా గెలిచారు. ఎంపీపీ (మండల పరిషత్ అధ్యక్షుడి) ఎన్నికకు ముందు, ఎవరూ చేజారకుండా పార్టీ తన సభ్యులందరినీ క్యాంపుకు తీసుకుపోయింది. నాయన మాత్రం ఆవు ఈనిందని చెప్పి ఇంట్లోనే ఆగిపోయారు. అసలు కారణం వేరే. అధ్యక్ష పదవికి జిల్లా నాయకులు ఖాయం చేసిన పేరు ఒక కాంట్రాక్టర్‌ది. మా చెరువు తూము పని చేసింది ఆయనే. రెండో వానకే తూము పక్కన కట్ట కుంగింది, కింది ఆయకట్టుకు రెండు పంటలు నీళ్లు అందలేదు. ఆ తూము బాగు చేయిస్తానని ఇంటింటికీ చెప్పి నాయన ఓట్లు అడిగారు.

ఎన్నిక ముందు రాత్రి ఇద్దరు వచ్చి విప్ కాగితం, అంటే ఎవరికి ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశం, ఇచ్చారు. నాయన తిన్నె మీద కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివారు. అందినట్టు సంతకం చేశారు. వచ్చినాయన "చెయ్యెత్తేదే కదన్నా, ఇంకేముంది" అన్నాడు. నాయన బదులు చెప్పలేదు, కాఫీ తాగి పొమ్మన్నారు. వాళ్లు పోయాక అమ్మతో ఒక్క మాటన్నారు: "ఊరికి మాటిచ్చినా. ఆయనకు చెయ్యెత్తి మళ్లా ఏ మొగం పెట్టుకుని ఆ కట్ట మీద నడిచేది?"

ఎంపీపీ ఎన్నికలో రహస్య ఓటు ఉండదు, అందరి ముందూ చెయ్యెత్తాలి. పార్టీ చెప్పిన పేరు చదివినప్పుడు నాయన చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయట. రెండో పేరుకు ఎత్తారు. ఒక్క ఓటు తేడాతో ఆ రెండో ఆయన గెలిచాడు. విప్ ధిక్కరించినా వేసిన ఓటు చెల్లుతుంది, సభ్యత్వం మాత్రం పోతుంది. పార్టీ ఫిర్యాదు చేయడం, నోటీసు రావడం, నాయన వివరణ ఇచ్చుకోవడం, పదవి పోవడం అన్నీ కొన్ని వారాల్లో అయిపోయాయి. మరుసటి ఎండాకాలం తూము మళ్లీ కట్టారు. అప్పటికి నాయనకు ఏ పదవీ లేదు.

ఉప ఎన్నికలో స్వతంత్రుడిగా నిలబడ్డారు. పార్టీ మనుషులు వ్యతిరేకంగా పనిచేస్తారని మాకు తెలుసు, దానికి సిద్ధంగానే ఉన్నాం. దెబ్బ కొట్టింది గుర్తు. పోలింగ్ రోజు సాయంత్రం ఒక అవ్వ మా ఇంటికొచ్చి నాయన చెయ్యి పట్టుకుని "నీకే వేసినా నాయనా, ఎప్పుడూ వేసే గుర్తుకే గుద్దినా" అంది. నాయన అలాగే నవ్వి, మంచినీళ్లు ఇమ్మని నన్ను లోపలికి పంపారు. 38 ఓట్లతో ఓడిపోయారు. ఆ అవ్వలాంటివాళ్లు ఎంతమందో నేను లెక్కపెట్టలేను గానీ, 38 మంది ఉండరని మాత్రం నమ్మలేను.

అందుకే పార్టీని ఎదిరించినవాళ్ల గురించి ఎవరు మాట్లాడినా నా దృష్టి ముందు గుర్తు మీదికే పోతుంది. 1995లో మన నారావారిపల్లె నుంచి వచ్చిన చంద్రబాబు ఎన్టీఆర్‌ను ఎదిరించినప్పుడు ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది ఆయన వైపు వచ్చారు, చివరికి సైకిల్ గుర్తూ ఆయనకే దక్కింది. మన జిల్లావాడే అయిన కిరణ్ కుమార్ రెడ్డికి అట్లా జరగలేదు. రాష్ట్ర విభజనకు కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ 2013 జూలై 30న ఒప్పుకుంది. ముఖ్యమంత్రిగా ఉంటూనే ఆయన అధిష్ఠానాన్ని ఎదిరించారు. 2014 జనవరి 30న అసెంబ్లీ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ దాన్ని ఆమోదించింది, మరుసటి రోజు ఆయన రాజీనామా చేశారు. చెప్పుల గుర్తుతో జై సమైక్యాంధ్ర పార్టీ పెట్టారు. ఒక్క సీటు కూడా రాలేదు, సొంత పీలేరు కూడా దక్కలేదు. కుర్చీలో ఉండబట్టే అసెంబ్లీలో బిల్లును తిరస్కరించగలిగారని ఆయన వైపువాళ్లు అంటారు. అందులో నిజం ఉంది. కానీ ఆ రాజీనామా 2013 జూలైలోనే వచ్చి ఉంటే జనం దాన్ని వేరేగా చూసేవారని నేను ఇప్పటికీ అనుకుంటాను. బిల్లు పాసైపోయాక కొత్త గుర్తును జనానికి అలవాటు చేయడానికి టైమ్ ఎక్కడుంది?

ఎదిరించినవాళ్లను మన జిల్లా ఎప్పుడూ ఆదరించదని మాత్రం అనకండి. సహకార వ్యవసాయం మీద 1959లో నాగపూర్ కాంగ్రెస్ చేసిన తీర్మానం నచ్చక రైతు నాయకుడు ఎన్.జి.రంగా కాంగ్రెస్‌ను వదిలేసి స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. అప్పటి చిత్తూరు ఎంపీ అనంతశయనం అయ్యంగార్ బీహార్ గవర్నర్‌గా వెళ్లడంతో 1962లో చిత్తూరు లోక్‌సభకు ఉప ఎన్నిక వచ్చింది. నెహ్రూ ప్రధానిగా ఉన్న రోజుల్లో, ఎక్కడో నిడుబ్రోలు నుంచి వచ్చిన రంగాను చిత్తూరు గెలిపించింది. ఆయన తర్వాత మళ్లీ కాంగ్రెస్‌కే వెళ్లారు, అది వేరే కథ.

నాకు ఎక్కువ బాధ కలిగించేది చట్టం తీరు. 1985 నాటి ఫిరాయింపుల చట్టం కింద ఎమ్మెల్యే, ఎంపీల మీద నిర్ణయం స్పీకర్ చేతిలో ఉంటుంది, ఇన్ని రోజుల్లో తేల్చాలని ఆ చట్టంలో గడువు లేదు. వైఎస్సార్‌సీపీ ఎంపీ రఘురామకృష్ణరాజు 2020 నుంచి సొంత పార్టీ ప్రభుత్వాన్ని రోజూ విమర్శించారు, పార్టీ ఫిర్యాదు చేసినా 2024 దాకా ఎంపీగానే ఉన్నారు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న వెంకటగిరికి అప్పటి ఎమ్మెల్యే ఆనం రామనారాయణ రెడ్డిని అదే పార్టీ 2023 మార్చిలో సస్పెండ్ చేసింది, అనర్హత వేటు పడింది మాత్రం 2024లో, ఎన్నికల ముందు. వాళ్లు చేసింది తప్పని నేను అనను. ప్రజల సమస్య మీద సొంత ప్రభుత్వాన్ని అడిగే ఎమ్మెల్యే ఉండాలి. నా బాధల్లా, వాళ్ల విషయంలో నెలలు, ఏళ్లు ఆగినవాళ్లు ఒక తూము కోసం చెయ్యి ఎత్తని ఎంపీటీసీ విషయంలో కొన్ని వారాలకు మించి ఆగలేదనే.

ఇక మీ నాయకుడి సంగతి. ఆయన తిట్లు ఎంత ఘాటుగా ఉన్నాయో చూడకండి. ఏ పని గురించి మాట్లాడుతున్నాడు? రోడ్డా, నీళ్లా, ఇళ్ల పట్టాలా, లేక తనకు జరిగిన అవమానమా? అదే మాట మీటింగులో, అధికారుల ముందు కూడా అన్నాడా, లేక మైకుల ముందేనా? పదవి చేతిలో ఉండగానే మొదలుపెట్టాడా? వచ్చేసారి టికెట్ లేదని కబురందాక నోరు విప్పేవాళ్లను తిరుపతిలో ప్రతి ఎన్నికకూ చూస్తున్నాను. మీరు ఏడాది అంటున్నారు కాబట్టి మీ నాయకుడికి ఆ అనుమానం కొంత తక్కువే వర్తిస్తుంది.

ఓటేయాలని నిర్ణయించుకుంటే ఇంకొక్క పని చేయండి. ఆయనకు కొత్త గుర్తు వచ్చిన రోజే మీ వీధిలో ముసలివాళ్లందరికీ ఆ గుర్తు చూపించండి. ఒకసారి చూపిస్తే చాలదు. పోలింగ్ రోజు పొద్దున కూడా మళ్లీ చూపించండి.