పాస్కల్ ఫైళ్లను ఫోల్డర్లలో సర్దుకోవడం ఎలా?

మీ సమస్య ఇదీ: చిత్తూరు మామిడి మండీ లెక్కల కోసం తిరుపతిలో కూర్చుని పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్న ప్రోగ్రాం ఒకే ఫైల్లో పెరిగిపోయింది. విడదీస్తే యూనిట్ (ప్రోగ్రాంలో వేరే ఫైల్లో పెట్టిన భాగం) దొరకడం లేదంటోంది. పైగా 2024 ఫోల్డర్ లోపల తోతాపురి ఫోల్డర్ తయారు కావడం లేదు.

యూనిట్ పేరు, ఫైలు పేరు ఒకటే కావాలి. ఫైలు పేరంతా చిన్న అక్షరాల్లో పెట్టండి. విండోస్ పట్టించుకోకపోయినా లినక్స్ ఊరుకోదు. యూనిట్లు వేరే ఫోల్డర్లో ఉంటే, కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే (కంపైల్ చేసే) ఫ్రీ పాస్కల్‌కు దారి చెప్పాలి: హైఫన్, పెద్ద ఎఫ్, చిన్న యు, వెంటనే ఫోల్డర్ పేరు. అదే యు పెద్దదైతే అర్థం మారిపోతుంది. కంపైలైన యూనిట్లు వెళ్లి పడే చోటు అది. ఈ ఒక్క అక్షరం దగ్గర నాకు ఒక సాయంత్రమంతా పోయింది.

ఇక ఫోల్డర్ల సంగతి. ఫోల్డర్ తయారుచేసే ఎంకేడిర్ ఆదేశం ఒక్క మెట్టే కడుతుంది. పై ఫోల్డర్ లేకపోతే ప్రోగ్రాం తప్పు చూపి ఆగిపోతుంది. ఫ్రీ పాస్కల్‌తోనే వచ్చే సిస్‌యుటిల్స్ యూనిట్‌లోని ఫోర్స్‌డైరెక్టరీస్ దారి పొడవునా లేనివన్నీ కట్టుకుంటూ పోతుంది, ఉన్నవాటి జోలికి పోదు. అది తిరిగి ఇచ్చేది ట్రూనా, ఫాల్సా అన్నది తప్పక చూడండి. దారిని ప్రోగ్రాం ఉన్న చోటు నుంచే లెక్కించండి: ఎక్స్‌ట్రాక్ట్‌ఫైల్‌పాత్‌కు పారామ్‌స్ట్ర్(0), అంటే నడుస్తున్న ప్రోగ్రాం ఫైలు దారి, ఇస్తే చాలు. లేకపోతే మీరు ఏ ఫోల్డర్ నుంచి నడిపితే అక్కడే లెక్కలు పడతాయి, కాయలు ఒక మండీలో, చీటీ మరో మండీలో ఉన్నట్టు.