స్టీల్ డబ్బాలో రంగు షర్బత్: తుప్పు చుక్కలు ఎందుకొస్తాయి?

అన్నా, రంగేసిన నిమ్మ షర్బత్ పోస్తే స్టీల్ డబ్బా అడుగున తుప్పు చుక్కలు లేచాయి, రంగు వల్లేనా అని అడిగారు. మాది నెల్లూరులో సోడా కొట్టు. గూడూరు నిమ్మకాయ వాడతాం, ఎండాకాలం మైపాడు బీచ్‌లో బండి కూడా పెడతాం. నేను చూసినంతలో ముందు అనుమానించాల్సింది ఉప్పుని.

నిమ్మరసం పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని చెప్పే కొలత) 2, 2.5 దగ్గరుంటుంది. ఇనప కత్తిని కడక్కుండా వదిలేస్తే నల్లగా చేసేస్తుంది. మంచి స్టీల్ మీద మాత్రం కంటికి కనబడని క్రోమియం ఆక్సైడ్ పొర ఉంటుంది, దాని జోలికి సిట్రిక్ యాసిడ్ పోదు. ఆ పొర గట్టిపడటానికి ఫ్యాక్టరీల్లో స్టీల్‌ని సిట్రిక్ యాసిడ్‌తో కడుగుతారు కూడా. పొరకి చిల్లులు పెట్టేది ఉప్పులోని క్లోరైడ్. పులుపు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. సాల్ట్ షర్బత్ రాత్రంతా డబ్బాలో ఉంచి చూడండి, అడుగున ఉప్పు పేరుకున్న చోటే చుక్కలు. బీచ్‌లో అయితే ఉప్పుగాలికి బయటివైపూ మరకలే.

స్టీల్ రకం కూడా చూసుకోవాలి. అయస్కాంతం అంటుకోకపోతే మంచిదని కొట్లో చెబుతారు గానీ, నికెల్ తక్కువుండే 202 రకానికి కూడా అది అంటుకోదు. 304 అని ముద్ర ఉన్నది అడగండి. ఇనప పీచుతో తోమకండి, దాని రజను డబ్బాకి అతుక్కుని తుప్పు పడుతుంది.

ఇక రంగు. సన్‌సెట్ ఎల్లో, టార్ట్రజిన్ లాంటి అజో రకం కృత్రిమ రంగులు పానీయంలో కిలోకి 100 మిల్లీగ్రాములు దాటకూడదు. అంత కొంచెం రంగు స్టీల్‌ని ఏం చేస్తుంది? సిల్వర్ గిన్నెలో, అదే అల్యూమినియంలో, కథ వేరు. పులుపుకి ఆ లోహం కరుగుతూ వదిలే ఎలక్ట్రాన్లని ఈ అజో రంగులు లాక్కుని విరిగిపోతాయి. షర్బత్ వెలిసిపోతుంది, లోహమూ ఇంకా తొందరగా కరుగుతుంది. టిన్నుల్లో అమ్మే పానీయాలకి లోపల పూత వేసేది ఇలాంటి గొడవలకే.

మీ డబ్బా చుక్కల మీద నిమ్మచెక్క రుద్ది, బాగా కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. తుప్పు కరుగుతుంది. గోరుకి గుంట తగిలితే మాత్రం ఆ డబ్బా నీళ్లకి వాడుకోండి. మేమైతే షర్బత్‌ని ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ క్యాన్‌లో పెట్టి, ఉప్పు గ్లాసులోనే వేసిస్తాం.