పాప బరువు తగ్గిందా, కాటా మారిందా?

ప్రశ్న: మేడమ్, నాకు ఆపరేషన్ అయి పాప పుట్టి 18 రోజులు. పుట్టినప్పుడు బరువు 3.1 కిలోలు. నాలుగో రోజు డిశ్చార్జి చేసేటప్పుడు 2.82 అన్నారు. పదో రోజు కుట్లు చూపించుకోవడానికి వెళ్తే 2.88 ఉంది. నిన్న పిల్లల డాక్టరు గారి దగ్గర 3.06 వచ్చింది, పర్వాలేదన్నారు. ఈ రోజు అంగన్‌వాడీలో తూస్తే 2.9! ఒక్క రోజులో 160 గ్రాములు తగ్గిపోయింది. చూడటానికి వచ్చిన అత్తయ్య గారు 'పాలు చాలట్లేదు, అందుకే పిల్ల ఒళ్ళు చేయట్లేదు' అని డబ్బా పాలు తెప్పించారు. సాయంత్రమైతే పాప రొమ్ము వదలదు, తీస్తే ఏడుపు. రాత్రి మాత్రం అమ్మ తన పక్కలో పడుకోబెట్టుకుంటుంది, పదకొండు నుంచి ఐదు దాకా లేవదు. ఎవరో చెప్పారని గడియారం చూసి ఒక్కో వైపు పది నిమిషాలు ఇస్తున్నాను. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టట్లేదు. డబ్బా మొదలుపెట్టమంటారా?
- ఒక తల్లి, తణుకు దగ్గర పల్లె నుంచి

జవాబు: ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి పాపకు నెల దాటిపోతుంది. అందుకే ఉత్తరంలో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి ముఖ్యమైనవి ముందే చెప్పాను. ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నది ఇదే టెన్షన్‌లో ఉన్న మిగతా తల్లుల కోసం, కొంచెం అత్తగార్ల కోసం కూడా.

డబ్బా మూత తీయకండి. ముందు లెక్క చూద్దాం.

పుట్టిన బిడ్డ మొదటి నాలుగైదు రోజుల్లో బరువు తగ్గడం మామూలే. పుట్టిన బరువులో నూటికి ఏడు వంతుల దాకా తగ్గితే మేం పట్టించుకోం. పదికి దగ్గరైతే పాలు తాగే తీరును దగ్గరుండి చూస్తాం. పది దాటితే బిడ్డను పరీక్ష చేయాల్సిందే. మీ పాప 3.1 నుంచి 2.82కి వచ్చింది, అంటే తొమ్మిది శాతం. కొంచెం ఎక్కువే, కానీ దీనికి ఒక కారణం ఉంది. ఆపరేషన్ సమయంలో తల్లికి ఎక్కించే సెలైన్ కొంత బిడ్డ ఒంట్లోకీ చేరుతుంది. పుట్టగానే తూచినప్పుడు ఆ నీరు కూడా బరువులో కలిసిపోతుంది, తర్వాత ఒకటి రెండు రోజుల్లో మూత్రంగా పోతుంది. పైగా ఆపరేషన్ అయినవాళ్ళకు పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది. ఆ 3.1లో కొంత పాప సొంత బరువు కాదన్నమాట.

అందుకే పుట్టిన బరువు నుంచి కాకుండా, అన్నిటికంటే తక్కువ ఉన్న రోజు నుంచి లెక్కేయాలి. నాలుగో రోజు నుంచి పదో రోజు దాకా 60 గ్రాములు పెరిగింది, రోజుకు పది. ఇది తక్కువే. పదో రోజు నుంచి పదిహేడో రోజు దాకా 180 గ్రాములు, రోజుకు సుమారు 26. మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే మాకు సంతోషం. అంటే వెనకబడి మొదలైన పాప పదో రోజు తర్వాత పుంజుకుంది. పుట్టిన బరువు రెండు వారాలకు తిరిగి రావాలని పుస్తకాల్లో ఉంటుంది, కొందరికి మూడో వారం పడుతుంది. మీ పాపకు ఇంకా 40 గ్రాములే తక్కువ. మీ డాక్టరు గారు పర్వాలేదన్నది అందుకే.

ఇక అంగన్‌వాడీలో వచ్చిన 2.9 సంగతి. అక్కడ వేలాడదీసే స్ప్రింగు కాటా అయితే దాని మీద గీతలు 100 గ్రాములకు ఒకటి ఉంటాయి. పాప కాళ్ళు ఆడిస్తుంటే ముల్లు ఊగుతూనే ఉంటుంది, ఏదో ఒక గీత దగ్గర చదువుతారు. నెలకోసారి తూచి బిడ్డ ఎదుగుతోందా లేదా అని చూడటానికి అది చాలు, నిన్నటికీ ఈ రోజుకీ తేడా చెప్పడం దాని వల్ల కాదు. పైగా నిన్న కడుపునిండా తాగాక తూచి, ఈ రోజు తాగకముందు తూస్తే అక్కడే యాభై అరవై గ్రాముల తేడా వస్తుంది. ఒకటే డిజిటల్ కాటా, ఒంటి మీద గుడ్డ లేకుండా, పాలు పట్టకముందు, వారానికి ఒకసారి తూయించండి. రోజూ తూస్తే పెరిగేది మీ బీపీ మాత్రమే.

కాటా లేని రోజుల్లో పాలు చాలుతున్నాయో లేదో బిడ్డే చెబుతుంది. ఐదారు రోజులు దాటాక రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి, అది లేత రంగులో ఉండాలి. పుట్టిన కొత్తలో నల్లగా జిగటగా ఉన్న దొడ్డి ఐదో రోజుకల్లా పసుపు రంగుకు మారాలి, మొదటి నెలలో రోజుకు మూడు నాలుగుసార్లు వెళ్ళాలి. ఈ లెక్క డైపర్‌లో తెలియదు, ఎన్నిసార్లు పోసినా అది పీల్చేసుకుంటుంది. రెండు రోజులు డైపర్ పక్కన పెట్టి పాత చీర ముక్కలు కట్టి చూడండి. ఫోన్లో అడిగితే మీరు రోజుకు ఎనిమిది గుడ్డలు మారుస్తున్నామన్నారు. డబ్బా వద్దని నేను గట్టిగా అన్నది ఆ మాట విన్నాకే.

అయితే మీ ఉత్తరంలో నాకు నచ్చనివి రెండున్నాయి. ఒకటి ఆ రాత్రి ఆరుగంటలు. అమ్మ మీ మీద ప్రేమతోనే చేస్తోంది, కోసిన కడుపుతో కూతురు కాస్త నిద్రపోనీ అని. కానీ మూడు వారాల బిడ్డకు ఇరవైనాలుగు గంటల్లో ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు కావాలి. పుట్టిన బరువుకు చేరేదాకా మూడు గంటలు దాటితే రాత్రయినా సరే లేపి పట్టాలి. పాలు తయారు చేయించే ప్రోలాక్టిన్ అనే హార్మోను రాత్రిళ్ళే ఎక్కువగా ఉంటుంది, ఆ వేళ పట్టిన పాలు మర్నాటి పాలను పెంచుతాయి. అర్ధరాత్రి ఒకసారి, మూడింటికి ఒకసారి పాపను మీ పక్కలోకి తెచ్చివ్వమనండి. మీరు పక్కకు తిరిగి పడుకుని పట్టండి, కుట్ల మీద బరువు పడదు. తాగాక ఎత్తుకోవడం, గుడ్డ మార్చడం అమ్మ చూసుకుంటుంది. పగలు మీకు రెండు గంటలు ఎవరూ తలుపు తట్టని నిద్ర కావాలి. చూడటానికి వచ్చే చుట్టాలకు ఇది ఎవరో ఒకరు చెప్పాలి, మీ నాన్నగారైతే బాగుంటుంది.

రెండోది గడియారం. ఒక వైపు పట్టేకొద్దీ పాలు చిక్కబడుతూ పోతాయి, వెన్న శాతం చివర్లో ఎక్కువ. పది నిమిషాలకు తీసేస్తే మీరు ఆ చిక్కటి పాలు తాగనివ్వకుండా లాగేస్తున్నట్టే. పాప తనంతట తాను వదిలేదాకా ఒక వైపే ఉంచండి, తర్వాత రెండో వైపు చూపించండి, కావాలంటే తాగుతుంది. నోట్లో ఎంతసేపు ఉందన్నది కూడా లెక్క కాదు. మొదట గబగబా చప్పరించి, తర్వాత నిదానంగా లోతుగా లాగుతూ మధ్యలో గుటక వేసే చప్పుడు వినిపించాలి. నోరు బాగా తెరిచి, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగంలో ఎక్కువ వంతు లోపలికి తీసుకోవాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. మీకు చురుక్కుమని నొప్పి పుడుతూనే ఉంటే పట్టు సరిగా లేదు. చిటికెనవేలు నోటి మూలన పెట్టి విడిపించి మళ్ళీ పట్టించండి.

సాయంత్రం ఏడుపు గురించి అత్తయ్య గారికి నా మాటగా చెప్పండి. ఈ వయసు పిల్లలు సాయంత్రం వేళ గంటకోసారి, అరగంటకోసారి రొమ్ము అడగడం రివాజు. పాలు లేకపోవడం దానికి కారణం కాదు. ఆ టైములో ఒక డబ్బా సీసా పడితే పాప కడుపు నిండి పడుకుంటుంది, మీ రొమ్ము ఖాళీ కాదు. ఖాళీ కాని రొమ్ము మర్నాడు తక్కువ చేస్తుంది. ఒక సీసా రెండవుతుంది, నెల తిరిగేసరికి 'చెప్పానా, పాలు లేవని' అన్న మాట నిజమై కూర్చుంటుంది. ఇలాంటి ఇళ్ళు నేను చాలా చూశాను. ఆ డబ్బా మీద తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమని అచ్చువేసి ఉంటుంది చూడండి. 1992లో వచ్చిన చట్టం ప్రకారం అమ్మేవాళ్ళు ఆ మాట వేయక తప్పదు, దాని మీద పసిబిడ్డ బొమ్మ కూడా వేయకూడదు.

డబ్బా పాలు విషమని నేను అనను. కొందరు తల్లులకు థైరాయిడ్ వల్లనో, ప్రసవంలో రక్తం బాగా పోవడం వల్లనో నిజంగానే పాలు తక్కువ పడతాయి. అప్పుడు ముందు పిండిన తల్లిపాలు, అవీ చాలకపోతే డాక్టరు చెప్పిన కొలతలో డబ్బా పాలు, రొమ్ము పట్టాకే, సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతో పట్టిస్తాం. అది తల్లి తప్పు కాదు, వైద్యం. పొదుపు కోసం పొడి తగ్గించి నీళ్ళు ఎక్కువ కలపడం మాత్రం ఎవరూ చేయకండి.

తిండి సంగతి అడగలేదు గానీ మీ వైపు పథ్యాలు తెలుసు కాబట్టి చెబుతున్నాను. పాలిచ్చే తల్లికి రోజుకు మామూలు కంటే 600 కేలరీల దాకా ఎక్కువ కావాలి, కారప్పొడి అన్నంతో అది రాదు. తెలగపిండి మునగాకు కూర హాయిగా తినండి, పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ తినండి. సొరపుట్టు మాత్రం మానేయడం మేలు, సొరచేపలో పాదరసం ఎక్కువ చేరుతుంది. దాహమేసినప్పుడల్లా నీళ్ళు తాగండి. బాలింత నీళ్ళు తాగితే ఒళ్ళు నీరు పడుతుందన్న మాట వినకండి.

పాప మగతగా పడి ఉండి పాలకు లేవకపోయినా, మూత్రం తగ్గినా, పాలు తాగుతుంటే చెమటలు పట్టి ఆయాసపడినా, కామెర్ల పచ్చదనం అరచేతులు, అరికాళ్ళ దాకా పాకినా, 100.4 జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మూడు వారాలు నిండినా పుట్టిన బరువు రాకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్, థైరాయిడ్, గుండె ఇవన్నీ ఒకసారి చూడాలి. 21వ రోజు, 28వ రోజు ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. ఆమె తూచిన బరువు కార్డులో రాయించుకోండి.

ప్రశ్న: డాక్టరమ్మా, మనవడికి 25 రోజులు. మంచి ఎండలు. గుక్కెడు కాచిన నీళ్ళు కూడా పట్టొద్దని కోడలు అంటోంది. వస అరగదీసి నాకించాలన్నా, తేనె, ఆముదం అన్నా ఫోన్లో ఏదో చూపించి వద్దంటోంది. మేం పిల్లల్ని పెంచలేదా?
- ఒక నాయనమ్మ, జమ్మికుంట

జవాబు: పెంచారమ్మా, అందుకే మనవడు మీ ఒళ్ళో ఉన్నాడు. అయినా ఈసారికి కోడలి మాటే నా మాట. తల్లిపాలలో నూటికి 87 వంతులు నీళ్ళే. ఎండలు ఎక్కువైతే ఇంకో రెండుసార్లు రొమ్ము పట్టమనండి, కోడలికి మజ్జిగ ఇవ్వండి. బిడ్డ కడుపు చాలా చిన్నది. అందులో నీళ్ళు పోస్తే అంత మేర పాలకు చోటుండదు, బరువు పెరగడు. తేనె ఏడాది నిండేదాకా వద్దు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసివాళ్ళ కండరాలను పట్టు తప్పించేస్తుంది. వస నాకిస్తే కొందరు పిల్లలు మత్తుగా పడుకుంటారు. నిద్ర బాగా పోతున్నాడని మనం మురుస్తాం, పాల పూటలు దాటిపోతుంటాయి. ఆముదంతో విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు పోతుంది.

నూనె మర్దనా, స్నానం మీ చేత్తోనే జరగనివ్వండి, అది కోడళ్ళకు రాదు. నూనె ముక్కులో, చెవుల్లో పోయకండి. స్నానానికి ముందు కాస్త పాలు పట్టించండి, లేకపోతే పిల్లాడు అలసిపోయి తాగకుండా మూడు నాలుగు గంటలు నిద్రపోతాడు.

ప్రశ్న: మా బాబుకు రెండు నెలలు, తల్లిపాలే. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఇప్పుడు 4.9. యాప్‌లో 15వ పర్సెంటైల్ అని చూపిస్తోంది. 85 శాతం పిల్లలు మా వాడి కంటే ముందున్నారా? వంటింట్లో డిజిటల్ కాటా మీద గిన్నె పెట్టి రోజూ తూస్తున్నాను.
- ఒక తండ్రి, బెంగళూరు

జవాబు: బాబూ, అవి పరీక్షలో వచ్చిన మార్కులు కావు. ఆరోగ్యంగా ఉన్న వందమంది పిల్లల్ని తక్కువ బరువు నుంచి వరసగా నిలబెడితే మీవాడు పదిహేనో చోట ఉంటాడు, అంతే. ఎవరో ఒకరు అక్కడా ఉండాలిగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల పటంలోని ఈ పర్సెంటైల్ గీతలు ఆరు దేశాల పిల్లల్ని చూసి గీసినవి, అందులో దక్షిణ ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. 2.9తో పుట్టినప్పుడూ మీవాడు ఇంచుమించు అదే గీత మీద ఉన్నాడు, రెండు నెలలకూ అక్కడే ఉన్నాడు. రోజుకు 30 గ్రాములకు పైనే పెరిగాడు. పైగీతల మీద ఉన్న బిడ్డ రెండు గీతలు కిందికి జారితే మేం కంగారుపడతాం, తన గీత పట్టుకుని వెళ్ళేవాడిని చూసి కాదు. 10 వారాల టీకాకు వెళ్ళినప్పుడు అక్కడ తూయించండి. విటమిన్ డి చుక్కలు రోజూ వేస్తున్నారో లేదో రాయలేదు, 400 యూనిట్లు ఏడాది దాకా వేయాలి. వంటింటి కాటా చాలావాటికి ఐదు కిలోలే హద్దు, ఇంకో నాలుగు రోజుల్లో మీవాడు ఎలాగూ దాన్ని దాటేస్తాడు. దాన్ని మీ ఆవిడకు తిరిగిచ్చేయండి.