టెక్ సందేహాలు: ఫుటర్‌లో అంకె మార్చేస్తే పాత వార్తల లైసెన్సు మారుతుందా?

ప్రశ్న: నమస్తే అండీ. మల్కాజిగిరి చుట్టుపక్కల కాలనీల వాళ్లం కొంతమందిమి కలిసి 2015 నుంచి ఒక వార్తల సైటు నడుపుతున్నాం. నీళ్ల ట్యాంకర్లు, నాలా పూడిక, రైల్వే గేటు దగ్గర ట్రాఫిక్, ఇలాంటివే మా వార్తలు. ఎవరైనా రాయొచ్చు, ఇంకొకరు దిద్దొచ్చు. ప్రతి పేజీ అడుగున ‘క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ 3.0’ అని ఉంటుంది. 4.0 వచ్చి చాలా ఏళ్లయింది, ఫుటర్‌లో 3 తీసి 4 పెట్టేస్తే సరి అంటున్నాడు మా అబ్బాయి. అంతేనా? రాసినవాళ్లలో కొందరు ఇప్పుడు అమెరికాలో ఉన్నారు, ఇద్దరు చనిపోయారు.
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీ అబ్బాయి చెప్పినట్టు చేస్తే రెండు నిమిషాల పని. కాకపోతే ఆ రెండు నిమిషాల తర్వాత మీ సైటులోని ప్రతి పాత పేజీ అడుగునా ఒక అబద్ధం ఉంటుంది.

ఆ వార్తలు మీవి కావు, రాసినవాళ్లవి. వాళ్లు మీ దగ్గర జీతానికి పనిచేయలేదు, హక్కులు మీకు రాసివ్వలేదు. సేవ్ బటన్ నొక్కేటప్పుడు ‘3.0 షరతులతో ఎవరైనా వాడుకోవచ్చు’ అని మాత్రం ఒప్పుకున్నారు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు అంటే అదే, కొన్ని షరతులతో అందరూ వాడుకోవచ్చని రాసినవాళ్లు ముందే ఇచ్చే అనుమతి; 3.0, 4.0 దాని వెర్షన్లు. ఆ ఒప్పందం రాసినవాళ్లకీ చదివేవాళ్లకీ మధ్య. అద్దెకున్న ఇంటి గేటుకి మన నేమ్‌ప్లేటు పెట్టుకోవచ్చు కానీ దస్తావేజులో పేరు మార్చలేం కదా, ఇదీ అంతే.

రెండో సంగతి, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోలేం. ఇది నాకు అనుభవం మీద తెలిసింది. చాలా ఏళ్ల కిందట ఇరానీ చాయ్, పక్కన ఉస్మానియా బిస్కెట్లు ఉన్న ఫోటో ఒకటి తీసి సీసీ బై (మీ ‘క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్’కే పొట్టిపేరు, తీసినవాళ్ల పేరు వేస్తే ఎవరైనా వాడుకోవచ్చు) కింద నెట్‌లో పెట్టాను. కొన్నాళ్లకి ఒక హోటల్ ముందు ఫ్లెక్సీ మీద అదే ఫోటో కనిపించింది. ఆ సాసర్ అంచు విరిగి ఉంటుంది, అందుకే గుర్తుపట్టాను. ఒళ్లు మండి ఇంటికెళ్లగానే ‘వ్యాపారానికి వాడకూడదు’ అనే లైసెన్సుకి మార్చేశాను. ఏం లాభం? అప్పటికే పాత లైసెన్సు కింద తీసుకున్నవాళ్లకి పాత షరతులే వర్తిస్తాయి. వ్యాపారానికి వాడుకోవడం అందులో తప్పే కాదు. నా పేరు వేయకపోవడం ఒక్కటే తప్పు. వెళ్లి అడిగితే చాయ్ ఇప్పించారు, పేరు మాత్రం వేయలేదు.

మీకు వచ్చిన ఈ చిక్కు పెద్ద సైట్లకీ వచ్చింది. అందరూ ఒకేలా బయటపడలేదు. మీకు దగ్గరి పోలిక ఇంగ్లీష్ వికీన్యూస్, అదీ మీలాగే ఎవరైనా రాసే వార్తల సైటే. 2004లో మొదలైనప్పుడు అందులోని వార్తలు పబ్లిక్ డొమైన్, అంటే ఏ షరతూ లేదు. 2005 సెప్టెంబరు 25న సీసీ బై 2.5కి మారారు. పాతవాటి జోలికి పోలేదు. ఆ తేదీకి ముందువి పబ్లిక్ డొమైన్, తర్వాతవి 2.5 అని గీత గీసి ముందుకెళ్లారు.

అందరూ కలిసి గీసే మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్లది ఇంకో దారి. సీసీ బై ఎస్‌ఏ 2.0 (మార్చి వాడినా అదే లైసెన్సు కింద పంచాలనే షరతు అదనం) నుంచి పూర్తిగా వేరే లైసెన్సుకి వెళ్లాలనుకున్నారు. మ్యాపు అంటే ఒకరు గీసిన రోడ్డుకి ఇంకొకరు గీసిన సందు కలుస్తుంది, కాబట్టి సగం ఒక లైసెన్సు, సగం ఇంకొకటి అంటే కుదరదు. అందుకని మ్యాపులో చెయ్యి పెట్టిన ప్రతి ఒక్కరినీ ‘ఒప్పుకుంటారా?’ అని అడిగారు. ఒప్పుకోనివాళ్లు, జవాబివ్వనివాళ్లు గీసినదాన్ని 2012 జులైలో ఒక బాట్‌తో (దానంతటదే పనిచేసే ప్రోగ్రాం) తీయించేశారు. ఆ సెప్టెంబరులో కొత్త లైసెన్సు వచ్చింది. ఏళ్ల తరబడి సాగిన పని అది. మీ కాలనీ సైటుకి అంత టెన్షన్ అక్కర్లేదు.

వికీపీడియా 2023 జూన్‌లో 3.0 నుంచి 4.0కి మారింది కదా, తెలుగు వికీ కూడా మారింది కదా అని మీ అబ్బాయి అడగొచ్చు. నిజమే. కానీ వికీపీడియాది ‘బై ఎస్‌ఏ’. ఒకరి వ్యాసాన్ని మార్చి రాస్తే, దాన్ని అదే లైసెన్సు కిందగానీ, దాని తర్వాతి వెర్షన్ కిందగానీ ఇవ్వొచ్చని ఆ లైసెన్సులోనే రాసుంది. పైమెట్టు ఎక్కడానికి నిచ్చెన ముందే వేసిపెట్టారన్నమాట. అంతకుముందు 2009లో జీఎఫ్‌డీఎల్ అనే లైసెన్సు నుంచి క్రియేటివ్ కామన్స్‌కి మారినప్పుడైతే, ఆ జీఎఫ్‌డీఎల్ తయారుచేసినవాళ్లే 2008 నవంబరులో 1.3 వెర్షన్ తెచ్చి దారి ఇవ్వాల్సి వచ్చింది. మీది ఎస్‌ఏ లేని ఉత్త ‘బై’. అందులో ఆ నిచ్చెన లేదు. పాత వార్తని ఎవరైనా దిద్ది పెంచితే, వాళ్లు కొత్తగా చేర్చింది 4.0 కింద ఇవ్వొచ్చు. కింద ఉన్న పాత ముక్క మాత్రం 3.0గానే ఉంటుంది.

అందుకే వికీన్యూస్ దారి పట్టండి. ఒక తేదీ అనుకోండి. ఏప్రిల్ 1 వద్దు, ఎవరూ నమ్మరు. జూన్ 2 అయితే మన దగ్గర అందరికీ గుర్తుంటుంది. మీ లైసెన్సు పేజీలో ఇలా రాయండి: ‘జూన్ 2కి ముందు వచ్చిన వార్తలు సీసీ బై 3.0 కింద, ఆ రోజు నుంచి వచ్చేవి సీసీ బై 4.0 కింద లభిస్తాయి.’ సంవత్సరం కూడా వేయడం మర్చిపోకండి, రెండేళ్లయ్యాక ఏ జూన్ 2 అని మీకే అనుమానం వస్తుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. సాధారణంగా సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో ఫుటర్ ఒకటే ఉంటుంది, అది మారిస్తే 2015 నాటి పేజీలోనూ మారిపోతుంది. వికీ సైట్లు నడిపే మీడియావికీలోనూ లోకల్ సెట్టింగ్స్ ఫైలులో లైసెన్సు లైను సైటు మొత్తానికి ఒకటే. కాబట్టి ఫుటర్‌లో అంకె తీసేసి, ‘లైసెన్సు వివరాలు’ అని మీ లైసెన్సు పేజీకి లింకు ఇవ్వండి. కాస్త కోడ్ వచ్చినవాళ్లుంటే ‘వార్త తేదీ ఫలానా రోజు కంటే ముందుదైతే 3.0 చూపించు, లేకపోతే 4.0’ అనే షరతు థీమ్‌లో రాయించండి. మీ అబ్బాయికి ఆ పని అప్పజెప్పండి, రెండు నిమిషాలన్నాడుగా.

ఫుటర్ కంటే ముఖ్యమైంది సేవ్ బటన్ పైనున్న వాక్యం. రాసేవాళ్లు ఒప్పుకునేది అక్కడ. ‘ఇది నా సొంత రచన, దీన్ని సీసీ బై 4.0 కింద ఇస్తున్నాను’ అని బటన్ నొక్కేముందు కంటికి ఆనేలా ఉండాలి. ఫుటర్ మార్చి ఈ వాక్యంలో 3.0 అలాగే వదిలేసిన సైట్లు నేను చూశాను. రేపు పేచీ వస్తే నిలబడేది ఈ వాక్యమే.

అమెరికాలో ఉన్నవాళ్లకి మెయిల్ పెట్టి ‘నా పాత వార్తలన్నీ 4.0 కింద కూడా ఇస్తున్నాను’ అని రాతపూర్వకంగా తెప్పించుకోండి. ‘కూడా’ అనే మాట ఉండాలి, 3.0 ఎలాగూ పోదు కాబట్టి. అలాంటి మెయిళ్లు ఒక ఫోల్డర్‌లో దాచండి. జవాబు రాకపోతే వదిలేయండి. చనిపోయినవాళ్ల హక్కులు వారసులకి వెళ్తాయి, మన చట్టంలో అవి రచయిత తర్వాత 60 ఏళ్లుంటాయి. సంతకాల కోసం ఆ ఇళ్ల తలుపులు తట్టకండి. ఆ వార్తలు 3.0లో ఉంటే ఎవరికీ నష్టం లేదు.

ఇంతకీ మారడం అవసరమా? మారకపోతే కొంప మునగదు. 3.0 ఇప్పటికీ చెల్లుతుంది. అయినా నేనైతే మారతాను, ముఖ్యంగా ఒక్క కారణానికి. పాత వెర్షన్లలో ఎవరైనా క్రెడిట్ సరిగ్గా ఇవ్వకపోతే లైసెన్సు అక్కడికక్కడే రద్దవుతుంది, తప్పు దిద్దుకున్నా దానంతటది తిరిగి రాదు. దీన్ని అడ్డం పెట్టుకుని, ఫోటోలు ఎరగా వేసి, పేరు వేయడంలో చిన్న పొరపాటు చేసినవాళ్లకి నోటీసులు పంపి డబ్బులు గుంజే బ్యాచులు బయల్దేరాయి. 2013 నవంబరులో వచ్చిన 4.0లో, తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిచేసుకుంటే లైసెన్సు తిరిగి వచ్చేస్తుంది. మీ వార్త తీసుకుని పేరు మర్చిపోయిన పక్క కాలనీ వాట్సాప్ అడ్మిన్‌కి అది చాలా పెద్ద ఊరట. ఇంకోటి, పాతవాటికి దేశానికో రూపం ఉండేది, 2.5కి ఇండియా వెర్షన్ ఉంది. 4.0 అన్ని దేశాలకీ ఒకటే.

పనిలో పనిగా ‘వ్యాపారానికి వాడకూడదు’ అనే షరతు చేర్చుదామని ఎవరైనా అంటే నా ఫ్లెక్సీ కథ చెప్పండి. పాతవాటికి అది పనికిరాదు. కొత్తవాటికి పెడితే మీ ఫోటోలు వికీపీడియాకి ఎక్కవు, యాడ్స్ వచ్చే యూట్యూబ్ చానల్ వాళ్లు వాడొచ్చా లేదా అని రోజూ పంచాయితీ.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో వచ్చిన వర్షం ఫోటోలు మా సైటులో పెట్టొచ్చా? పంపినాయన ‘వేసుకోండి’ అన్నాడు.
— ఒక పాఠకుడు, మూసారాంబాగ్

జవాబు: ముందు ఆ ఫోటో ఆయనే తీశాడో లేదో అడగండి. ఫార్వర్డ్ అయితే ఆయన ‘వేసుకోండి’ అన్న మాటకి విలువ లేదు. తనది కానిదాన్ని ఆయనెలా ఇస్తాడు?

ఆయనే తీసినా ఉత్త ‘వేసుకోండి’ చాలదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అనుమతి రాతలో ఉండాలి. మెసేజ్ కూడా రాత కిందికే వస్తుంది, ఆ భయం అక్కర్లేదు. కానీ ఎంతకాలమో చెప్పకపోతే 5 ఏళ్లు, ఎక్కడో చెప్పకపోతే ఇండియా వరకే అని 19వ సెక్షన్ లెక్క, అది లైసెన్సులకీ వర్తిస్తుంది. లైసెన్సు పేరు చెప్పించుకుంటే ఈ రెండూ అందులోనే రాసుంటాయి. ‘ఇది నేను తీసిన ఫోటో, సీసీ బై 4.0 కింద ఇస్తున్నా’ అని ఒక్క మెసేజ్ పెట్టమనండి, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ఫోటోని మళ్లీ డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించి, తీసిన తేదీ లాంటి వివరాలు తీసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఒరిజినల్ ఫైలు వస్తుంది. అందులో ఆయన ఇంటి లొకేషన్ కూడా ఉండొచ్చు, సైటులో పెట్టేముందు అది చెరిపేయండి.

ప్రశ్న: మా అసోసియేషన్ పాత పత్రిక అను ఫాంట్లలో టైపు చేసి ఉంది. సైటులో పెడితే ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి.
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, వనస్థలిపురం

జవాబు: అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కావండి. ఇంగ్లీష్ అక్షరాల చోట తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారంతే. ఆ ఫాంట్ లేని చోట బొమ్మలు పోయి అడుగున ఉన్నవి బయటపడతాయి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సైటుకి ఫాంట్ కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉన్నాయి, ఎవర్నీ అడగక్కర్లేదు. కన్వర్ట్ అయ్యాక మాత్రం ఒకసారి కూర్చుని చదవాలి. క్ష, ఞ, ర వత్తు ఉన్న మాటలు ముందు చూడండి, పత్రికలో పేర్లు, ఇంటి నంబర్లు ఉంటే అవి వేలు పెట్టి మరీ చూడండి.