రినైసాన్స్ బొమ్మలు చూడటానికి హ్యూమనిస్టు రచయితల గురించి తెలిసి ఉండాలా?

రినైసాన్స్ (15, 16 శతాబ్దాల ఇటలీ కళా వికాసం) చిత్రకారులకూ, పాత గ్రీకు, లాటిన్ పుస్తకాలను వెతికి చదివిన ఆ కాలపు హ్యూమనిస్టు రచయితలకూ నిజంగా సంబంధం ఉందా, లేక చరిత్ర పుస్తకాలు ఇద్దరినీ ఒకే పాఠంలో పెట్టడం వల్ల అలా అనిపిస్తుందా, ఇటలీలోని ఫ్లారెన్స్ వెళ్లే ముందు ఆ రచయితల గురించి చదువుకోవాలా అని మీరు అడిగారు. అన్ని బొమ్మలకూ అక్కర్లేదు, కొన్నింటికి మాత్రం చదవక తప్పదు అని నా అనుభవం. నేను కళాచరిత్ర చదివినవాణ్ణి కాదు. విజయవాడలో పాతికేళ్లుగా పుస్తకాలకు డీటీపీ చేస్తున్నాను. మా అబ్బాయి ఉద్యోగం జర్మనీలో కావడంతో, నాలుగేళ్ల వ్యవధిలో రెండుసార్లు ఫ్లారెన్స్ చూడగలిగాను.

మొదటిసారి ఉఫిజీ గ్యాలరీలో, చిత్రకారుడు బొతిచెల్లీ వేసిన ప్రేమదేవత వీనస్ బొమ్మ ముందు ఫోన్లు పైకెత్తిన జనం వెనక నిలబడి నేనూ ఒక ఫొటో తీసుకుని, కాళ్లు పీకుతుంటే బయటపడ్డాను. ఆయన వేసినదే మరో చిన్న బొమ్మలో గాడిద చెవుల రాజు కనబడితే, ఏదో పిల్లల కథ కాబోలు అనుకుని దాటిపోయాను.

తిరిగి వచ్చిన కొన్నాళ్లకు ఒక రచయిత తన పుస్తకంలోని ఉల్లేఖనాలన్నీ ఇటాలిక్‌లో పెట్టమని పట్టుబట్టారు. తెలుగు అక్షరాన్ని ఏటవాలు చేస్తే గుడులు పక్క అక్షరం మీదికి ఒరిగిపోతాయని ఎంత చెప్పినా ఆయన వినలేదు. అసలీ ఇటాలిక్ ఎక్కడ పుట్టిందో చూద్దామని వెతికితే, వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు 1501లో అచ్చువేసిన రోమన్ కవి వర్జిల్ కావ్యాల దగ్గరకూ, అక్కణ్ణుంచి ఇంకా వెనక్కి, నికొలో నికొలీ అనే ఫ్లారెన్స్ పుస్తక ప్రియుడి చేతిరాత దగ్గరకూ వెళ్లాను. ఆయన స్వదస్తూరితో ఎత్తిరాసుకున్న, రోమన్ కవి లుక్రీషియస్ కావ్యం ఇప్పటికీ ఫ్లారెన్స్‌లోని లారెంజియానా గ్రంథాలయంలో ఉంది, దాని పుటలను ఇంటర్నెట్‌లో చూడవచ్చు. కాస్త కుడికి వాలి, తొందరతొందరగా ఒకదాన్నొకటి అందుకుంటూ సాగే ఆ సన్నని అక్షరాలను తెర మీద పెద్దవి చేసి చూస్తుంటే, నేను రోజూ ఒక మీట నొక్కి తెచ్చే వాలు ఒకప్పుడు ఒక మనిషి మణికట్టులో ఉండేదని అర్థమయింది.

ఆ కావ్యాన్ని వెలికి తీసినవాడు నికొలీ మిత్రుడు పొజ్జో బ్రాచొలీనీ. పోప్ కొలువులో లేఖకుడిగా ఉన్న పొజ్జో, 1415లో ఆ పోప్‌ను గద్దె దించడంతో పని పోయి, జర్మన్ ప్రాంతాల మఠాల్లో పాత ప్రతుల కోసం తిరుగుతూ 1417లో దాన్ని కనుగొని, నకలు రాయించి నికొలీకి పంపాడు. నికొలీ పదేళ్లు దాటినా ఆ నకలు తిరిగి ఇవ్వకపోవడంతో, నా పుస్తకం నాకు పంపవయ్యా అని పొజ్జో ఉత్తరాల మీద ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. పుస్తకాలు అరువిచ్చి పోగొట్టుకున్న వాళ్లకు ఈ బాధ వివరించనక్కర్లేదు.

ఇక్కడ మాట గురించి ఒక ముక్క చెప్పాలి. హ్యూమనిస్టు అనగానే మనకు మానవతావాది అనే అనువాదం తడుతుంది. రాడికల్ హ్యూమనిస్టు ఉద్యమ నాయకుడు ఎం.ఎన్. రాయ్ అనుచరులు తెనాలి చుట్టుపక్కల బలంగా పనిచేసిన కారణంగా, మా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆ మాటకు దేవుణ్ణి పక్కనబెట్టినవాడు అనే అర్థం కూడా తోడైంది. ఆనాటి ఇటలీలో సంగతి వేరు. వ్యాకరణం, వక్తృత్వం, కవిత్వం, చరిత్ర, నీతిశాస్త్రం బోధించే పంతులును అక్కడి విద్యార్థులు ఉమనిస్తా అనేవారు. వాళ్లలో చాలామంది చర్చి కొలువులో బతికినవారే. నన్నడిగితే మన భాషా పండితుడు అనే మాట ఇంకాస్త దగ్గరగా ఉంటుంది. లొరెంజో వల్లా 1440లో, కాన్‌స్టంటైన్ చక్రవర్తి పోప్‌కు పశ్చిమ సామ్రాజ్యాన్ని ధారాదత్తం చేసినట్టున్న పత్రంలోని లాటిన్ మాటలు ఆ చక్రవర్తి కాలానివి కావని చూపించి, అది దొంగ పత్రమని తేల్చాడు. ప్రూఫులు దిద్దేవాడిగా నాకు వాళ్లందరిలో ఎక్కువ నచ్చినవాడు ఈయనే.

ఈ పండితులు చిత్రకారులకు ఏమిచ్చారన్న మీ ప్రశ్నకు అన్నిటికన్నా సూటైన జవాబు నేను దాటిపోయిన ఆ గాడిద చెవుల బొమ్మలోనే ఉంది. అలెగ్జాండర్ ఆస్థానంలో చిత్రకారుడైన అపెల్లీజ్ వేసిన బొమ్మల్లో ఒక్కటీ మిగల్లేదు. తన మీద మోపిన అపనిందకు జవాబుగా ఆయన ఒక బొమ్మ వేశాడని, అందులో ఎవరెవరు ఎక్కడెక్కడ నిలబడ్డారో సహా, క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు రచయిత లూషియన్ వర్ణించి ఉండగా, గ్వరీనో అనే పండితుడు దాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. 1435లో చిత్రకళ మీద పుస్తకం రాసిన లియోన్ బతిస్తా అల్బర్తీ ఆ వర్ణనను ఎత్తి చూపి, వింటేనే ఇంత బాగుంటే అపెల్లీజ్ చేతిలో ఎలా ఉండేదో ఊహించుకోండి అన్న ధోరణిలో, చిత్రకారులు కవులతోనూ వక్తలతోనూ స్నేహం చేయాలని సలహా ఇచ్చాడు. సుమారు 60 ఏళ్ల తరువాత, తోళ్లు శుద్ధిచేసే వృత్తివాడి కొడుకైన బొతిచెల్లీ, ఎవరూ చూడని ఆ బొమ్మను మాటల ఆధారంగా మళ్లీ వేశాడు.

రెండోసారి వెళ్లినప్పుడు దాని ముందు ఇరవై నిమిషాలు నిలబడ్డాను. వెడల్పు మీటరు కూడా లేని పలక అది. కుడివైపు సింహాసనం మీద గాడిద చెవుల రాజు, ఆ రెండు చెవులనూ చెరొకటి పట్టుకుని ఊదుతున్న ఇద్దరు స్త్రీలు ఉంటారు. ఒకరు అజ్ఞానం, ఒకరు అనుమానం. చెవులు కొరకడం అనే మన మాటకు అంతకన్నా మంచి బొమ్మ నేను చూడలేదు. రాజు ముందు చినిగిన బట్టలతో అసూయ అనే పురుషుడు నిలబడి, కాగడా పట్టుకున్న అందగత్తె చేతిని పట్టుకుని తీసుకొస్తున్నాడు. ఆ అందగత్తె పేరే చాడీ. ఆమె ఒక నిరపరాధి యువకుణ్ణి జుట్టు పట్టి ఈడ్చుకొస్తుంటే, మోసం, కుట్ర అనే చెలికత్తెలు ఆ ఈడ్పు మధ్యలోనే ఆమె జడకు పూలూ రిబ్బన్లూ సింగారిస్తున్నారు. వాళ్లకు ఎడంగా నల్లని గుడ్డలు కప్పుకున్న ముసలి పశ్చాత్తాపం వెనక్కి తిరిగి చూస్తోంది. ఆమె చూపు ఆగినచోట, అందరికన్నా చివర, నగ్నంగా నిలబడి వేలు పైకి చూపుతున్న సత్యం ఉంది. ఆమె వైపు రాజు కన్నెత్తి చూడడు.

ఉఫిజీలోనే ఉన్న, బొతిచెల్లీదే అయిన ప్రిమవెరా (వసంతం) అనే పెద్ద బొమ్మ కూడా ఇదే తీరుగా తెరుచుకుంటుంది. దాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. నీలి దేహపు వాయుదేవుడు ఒక వనకన్యను ఒడిసిపట్టుకోగా ఆమె నోటి నుంచి పూలు జారుతుంటాయి. మొదటిసారి నాకు అది వింతగా మాత్రమే తోచింది. ఒకప్పుడు క్లోరిస్‌గా ఉన్న తానే ఇప్పుడు ఫ్లోరానని చెప్పే దేవత మాట్లాడుతుంటే నోటి నుంచి గులాబీలు వెలువడినట్టు రోమన్ కవి ఓవిడ్ రాశాడని తెలిశాక, పక్కనే పూల వస్త్రంలో నడుస్తున్న స్త్రీ వేరే మనిషి కాదని, ఆ వనకన్యే ఫ్లోరాగా మారిందని కనబడింది. పారదర్శకమైన వస్త్రాలతో చేతులు కలిపి ఆడుతున్న ముగ్గురమ్మాయిలు అల్బర్తీ పుస్తకంలో ఉన్నారు. వీనస్, వాయువు, ఫ్లోరా కలిసి వసంతంలో వచ్చే వర్ణన లుక్రీషియస్ కావ్యంలో ఉంది. ఈ బొమ్మకు ఆ పంక్తులనూ ఒక ఆధారంగా చెప్పే పరిశోధకులు ఉన్నారు. నికొలీ తిరిగి ఇవ్వకుండా అట్టిపెట్టుకున్నది ఆ కావ్యాన్నే.

అయితే చిత్రకారులందరూ పండితులు కారు. లియొనార్డో తనను తాను చదువులేనివాణ్ణని, అంటే లాటిన్ చదువు లేనివాణ్ణని రాసుకున్నాడు. అందుకేనేమో అల్బర్తీ తన పుస్తకాన్ని ఇటాలియన్‌లోనూ రాసి, ఆ ప్రతిని ఫ్లారెన్స్ పెద్ద చర్చి గోపురం కట్టిన బ్రూనెల్లెస్కీకి అంకితమిచ్చాడు. ఫ్లారెన్స్‌లోనే ఉన్న సాన్ మార్కో మఠంలో మెట్లెక్కగానే ఎదురయ్యే ఫ్రా ఆంజెలికో బొమ్మకైతే, దేవదూత మేరీకి శుభవార్త చెప్పే ఘట్టం అది అని తెలిస్తే చాలు. అదే అంతస్తులో, నికొలీ పోయాక ఆయన పుస్తకాలు చేరిన గ్రంథాలయం ఉంది, రెండు వరసల సన్నని స్తంభాల మధ్య పొడవాటి హాలు. దాన్ని వదలకండి.

కాబట్టి అల్బర్తీ పుస్తకంలో మూడో భాగం ఒక్కటి చదువుకుని వెళ్లండి, రెండు గంటల పని. ఇంగ్లీషులో సులువుగానే దొరుకుతుంది. నేను వెళ్లినప్పుడు సాన్ మార్కోను మధ్యాహ్నం రెండు లోపే మూసేశారు కనుక, ఉదయం అక్కడ చూసుకుని తరువాత ఉఫిజీకి వెళ్లండి. సోమవారం మాత్రం పెట్టుకోకండి, ఉఫిజీకి ఆ రోజు సెలవు.